రొరైమా ట్రెక్ రివ్యూ: వెళ్ళండి, కానీ ఆరు రోజుల ప్యాకేజీలో మాత్రం వద్దు

2024 ఫిబ్రవరిలో నేనూ మా బావమరిదీ వెనిజులా పోయి రొరైమా కొండ ఎక్కొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసులో, చుట్టాల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎంతయింది, ఎవరి ద్వారా వెళ్ళారు, తిండి ఎలా, బాత్రూం ఎలా అని ఒకటే అడుగుడు, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. గైడుకీ పోర్టర్లకీ ఐదుకి ఐదు. వంటకి నాలుగు. టెంట్లకి ఒకటి, అది కూడా జాలిపడి. ప్యాకేజీ ప్లానింగ్‌కి రెండు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నడిపించేది, మోసేది, వండేది అంతా ఆ చుట్టుపక్కల పెమోన్ అనే ఆదివాసీల ఊళ్ళ వాళ్ళే, పేరు రాస్తే వాళ్ళకే దెబ్బ. నా గొడవంతా ఆఫీసులో కూర్చుని ఆరు రోజులు సరిపోతాయని చెప్పిన ఆ లెక్కతోనే.

తెలీనివాళ్ళకి కొంచెం చెప్తా. వెనిజులా, బ్రెజిల్, గయానా మూడూ కలిసే చోట ఉంటుందీ కొండ. శిఖరం అంటూ ఉండదు, పైభాగం ఎవరో కత్తిపీటతో తరిగేసినట్టు చదునుగా ఉంటుంది, చుట్టూ నాలుగొందల మీటర్ల దాకా నిలువు గోడ, ఆ గోడ కింద అడవి. పైన ముప్పై చదరపు కిలోమీటర్ల పైచిలుకు రాతి మైదానం, అందులో బాగా ఎత్తైన చోటు 2,810 మీటర్లు. ఇలాంటి కొండల్ని తెపుయ్‌లు అంటారు, పెమోన్ల భాషలో మాట అది. ఏంజెల్ జలపాతం పేరు వినే ఉంటారు, 979 మీటర్లు, అది దూకేది కూడా ఇలాంటి ఇంకో తెపుయ్ మీద నుంచే, దాని పేరు ఔయాన్. రెండూ కనైమా నేషనల్ పార్కులోవే, ఆ పార్కే 30,000 చదరపు కిలోమీటర్లు. రాయి వయసు 170 కోట్ల ఏళ్ళ పైమాటే. తిరుమలలో శిలాతోరణం రాయికి 150 కోట్ల ఏళ్ళంటారు కదా, దానికి పెద్దన్న అనుకోండి. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా ఒకే పెద్ద రాతి పీఠభూమి, కోట్ల ఏళ్ళ వానలకి మధ్యలోదంతా కొట్టుకుపోయి అక్కడక్కడా మిగిలిన ముక్కలే ఇవన్నీ.

వెళ్ళడం గురించి. మన దగ్గర్నుంచి రెండు వీసాలు కావాలి, వెనిజులాదీ బ్రెజిల్‌దీ. ఇక్కడ ఒక మెలిక ఉంది, బ్రెజిల్‌లో దిగి, బోర్డర్ దాటి వెనిజులా వెళ్ళి, మళ్ళీ బ్రెజిల్‌కే వచ్చి ఫ్లైట్ ఎక్కాలి కాబట్టి బ్రెజిల్ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోండి. ఎల్లో ఫీవర్ ఇంజక్షన్ తప్పనిసరి, మేం నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకున్నాం, ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. రూటు హైదరాబాద్, దోహా, సావో పాలో, బ్రెజీలియా, బోవా విస్టా. అక్కడ్నుంచి రోడ్డు మీద రెండొందల కిలోమీటర్ల పైన పోతే పకరైమా అనే బోర్డర్ ఊరు, రెండు వైపులా ముద్రలు కొట్టించుకుని ఇంకొంచెం పోతే సాంటా ఎలీనా. అది వెనిజులా ఊరే గానీ డాలర్లూ, బ్రెజిల్ రియాల్సూ కూడా నడుస్తాయి, చిన్న నోట్లు తీసుకెళ్ళండి, పెద్ద నోటుకి చిల్లర దొరికించుకోవడం ఇంకో ట్రెక్.

మా అత్తగారైతే వెళ్ళొద్దనే అంది. 2023 డిసెంబర్‌లో వెనిజులా వాళ్ళు పక్కనున్న గయానాలో ఎస్సెకిబో ప్రాంతం మాదేనని రెఫరెండం పెట్టారు కదా, ఆ న్యూస్ చూసి "యుద్ధం జరిగే చోటికి నా కొడుకుని తీసుకుపోతున్నావా అల్లుడూ" అని ఫోను. మేం వెళ్ళినప్పుడు ఆ రోడ్డు మీద చెకింగులు తప్ప ఏమీ లేదు, నాలుగైదు చోట్ల ఆపి పాస్‌పోర్ట్ చూసి పంపించేశారు. కానీ అక్కడి పరిస్థితులు ఎప్పుడెలా మారతాయో తెలీదు, బ్రెజిల్ వైపు బోర్డర్‌ని 2019లో కొన్ని నెలలు మూసే ఉంచారు, కాబట్టి టికెట్లు తీసే ముందు అప్పటి సంగతేంటో చూసుకోండి, నా రివ్యూ నమ్ముకుని వెళ్ళిపోకండి.

బుకింగ్ అంతా వాట్సాప్‌లోనే జరిగింది, నేను ఇంగ్లీషు, కంపెనీ ఆఫీసాయన స్పానిష్, మధ్యలో గూగుల్. మనిషికి 650 డాలర్లు, అందులో జీపు, గైడు, వంట, తిండి, టెంట్, స్లీపింగ్ బ్యాగ్ అన్నీ కలిపి. మన సొంత సామాను మోసే పోర్టర్‌కి వేరే. నేను రెండుసార్లు అడిగాను, మూడు దేశాలు కలిసే ట్రిపుల్ పాయింట్ దాకా వెళ్తామా అని. "వాతావరణం బాగుంటే తప్పకుండా" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజు సాంటా ఎలీనా నుంచి జీపులో శాన్ ఫ్రాన్సిస్కో అనే ఊరి మీదుగా పరైతెపుయ్ వెళ్ళాం, చివరి పాతిక కిలోమీటర్లు మట్టిరోడ్డు, నడుం మీద ఆశ వదులుకోవాల్సిందే. పరైతెపుయ్ పెమోన్ల ఊరు, ట్రెక్ మొదలయ్యేది అక్కడే. పేర్లు రాయించుకుని నడక మొదలు. అసలు అడవి కొండ ఎక్కేటప్పుడే వస్తుంది, మొదటి రెండు రోజులూ గడ్డి మైదానమే, గ్రాన్ సబానా అంటారు, నీడ అనేది లేదు, మన రాయలసీమలో ఏప్రిల్ ఎండకి పచ్చరంగు వేస్తే ఎలా ఉంటుందో అలా. ఎదురుగా రెండు గోడలు, కుడివైపు రొరైమా, ఎడమవైపు కుకెనాన్ అనే ఇంకో తెపుయ్. ఎంత నడిచినా అవి దగ్గరకి రావు. పన్నెండు పదమూడు కిలోమీటర్లు నడిచి టెక్ అనే నది ఒడ్డున క్యాంపు.

ఇక్కడ పురిపురి అని ఒక చిన్న పురుగు ఉంటుంది, కంటికి సరిగ్గా ఆనదు, కుట్టినప్పుడు తెలీదు, రాత్రికి మొదలవుతుంది దురద. మా వాడు జిమ్ బాడీ చూపిద్దామని షార్ట్స్‌లో నడిచాడు. వారం తర్వాత హైదరాబాద్‌లో దిగినప్పుడు కూడా గోక్కుంటూనే ఉన్నాడు. ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు, అంతే.

పోర్టర్ల గురించి రాయకపోతే ఈ రివ్యూ దండగ. వెదురుబుట్టలా అల్లిన ఒక వీపు బుట్ట ఉంటుంది వాళ్ళకి, గుయారే అంటారు, అందులో గ్యాసు బండ, టెంట్లు, ఆరు రోజుల తిండి అన్నీ కట్టి, మేం పోల్స్ పట్టుకుని మూలుగుతూ నడుస్తుంటే మామూలు బూట్లతో మమ్మల్ని దాటి వెళ్ళిపోయి, మేం చేరేసరికి టెంట్ వేసి కాఫీ పెట్టి కూర్చునేవాళ్ళు. ఒకాయనకి యాభై దాటాయి. మా వాడు ఆ బుట్ట ఎత్తి చూద్దామని వంగి, మళ్ళీ మెల్లగా దింపేసి "బావా, ఇక్కణ్ణుంచి వెళ్ళాక జిమ్ మానేస్తా" అన్నాడు.

ఆ రాత్రి గైడు ఒక కథ చెప్పాడు. ఒకప్పుడు అన్ని రకాల పళ్ళూ ఒకే చెట్టుకి కాసేవట, వజకా అని పెద్ద చెట్టు. మకునైమా అనేవాడు ఆశకొద్దీ దాన్ని నరికేశాడు, చెట్టు కూలింది, లోపల్నుంచి నీళ్ళు తన్నుకొచ్చి లోకమంతా వరద. ఆ నరికిన చెట్టు మోడే రొరైమా. చెప్తూ చీకట్లో కొండ వైపు చెయ్యి చూపిస్తే నిజంగానే మోడులాగే ఉంది, గోడ మీద నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

రెండో రోజు నదులు దాటాలి, టెక్ చిన్నది, కుకెనాన్ (కొండ పేరే నదికీ) పెద్దది. ఇక్కడ గైడు చెప్పిన చిట్కా, బూట్లు విప్పి సాక్సులతో దాటాలి, ఒట్టి కాళ్ళతో అయితే ఆ పాచిరాళ్ళ మీద నిలబడలేం, సాక్సు పట్టు ఇస్తుంది. మా బావమరిది వినలేదు, నడుం దాకా మునిగాడు, ఫోను బతికింది. పైన గట్టిగా వాన పడితే ఈ నది పొంగుతుంది, అప్పుడు తగ్గేదాకా ఒడ్డునే కూర్చోవాలి, గంటా పడుతుంది, పూటా పడుతుంది. ఆరు రోజుల ప్లాన్‌లో ఆ పూట ఎక్కడుంది చెప్పండి? సాయంత్రానికి బేస్ క్యాంపు, 1,870 మీటర్లు. గోడ తల మీదకి వచ్చేస్తుంది ఇక్కడ, మెడ ఎత్తితే పైభాగం మబ్బులో.

మూడో రోజు ఎక్కుడు. తొమ్మిదొందల మీటర్లు ఎత్తు, దూరం నాలుగు కిలోమీటర్లే, మాకు ఐదున్నర గంటలు పట్టింది. గోడకి ఏటవాలుగా ఒక అరుగులాంటి దారి ఉంటుంది, దాన్ని రాంపా అంటారు, తాళ్ళూ గీళ్ళూ లేకుండా మనలాంటివాళ్ళు పైకి పోయే దారి ఇదొక్కటే. 1884 డిసెంబర్‌లో ఎవరార్డ్ ఇమ్ థర్న్, హ్యారీ పెర్కిన్స్ అనే ఇద్దరు మొదట ఎక్కినట్టు రికార్డయింది కూడా ఈ వైపు నుంచే. అలిపిరి మెట్లు మూడున్నర వేలు ఎన్నిసార్లో ఎక్కాను, ఆ ధీమాతో వెళ్ళాను నేను. అక్కడ మెట్టుకీ మెట్టుకీ ఒక లెక్క ఉంటుంది కదా, ఇక్కడ ఒక అడుగు వేరు పట్టుకుని, ఒక అడుగు బురదలో, ఒక అడుగు మోకాలెత్తు రాయి మీద, గోవింద అనడానికి కూడా ఊపిరి ఉండదు. చివర్లో ఒక జలపాతం కింద నుంచి వెళ్ళాలి, కన్నీళ్ళ దారి అని పేరు. పైనుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా గాలికి ఊగుతూ పడతాయి, కింద అన్నీ వదులు రాళ్ళు. మాకు ఆ రోజు సన్నగానే పడింది, వానాకాలంలో అయితే ధారే అట.

పైకి చేరాక ఒక పావుగంట ఇద్దరం మాట్లాడుకోలేదు. అంతా నల్ల రాయి, నిజానికి లోపల గులాబీ రంగు, పైన ఒకరకం నాచు పట్టి నల్లబడింది, మనుషులు నడిచిన దారిలో మాత్రం ఆ నలుపు అరిగి లేత గీతలాగా కనపడుతుంది, గైడు ఆ గీత దాటనివ్వడు. రాళ్ళు తాబేళ్ళలా, పుట్టగొడుగుల్లా, ఒకచోట అచ్చం పందిరి కింద కూర్చున్న ముసలమ్మలా. నీళ్ళన్నీ టీ డికాషన్ రంగు, కానీ తాగొచ్చు, రుచిగా ఉన్నాయి. మట్టిలో సారం లేదు కాబట్టి మొక్కలే పురుగుల్ని పట్టి తింటాయి, గొట్టాల్లాంటి ఆకుల్లో నీళ్ళు నింపుకున్న హీలియాంఫోరా, జిగురు చుక్కలతో ఎర్రగా మెరిసే డ్రోసెరా. డ్రోసెరా జాతి మన అడవుల్లోనూ ఉంది, కానీ నేను జీవితంలో మొదటిసారి చూసింది అక్కడ. ఇక కప్ప. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది, నల్లగా రాయిలో కలిసిపోతుంది, దానికి గెంతడం రాదు. కప్ప అయ్యుండి గెంతడం రాదు, పాకుతుంది, భయమేస్తే ముడుచుకుని గులకరాయిలా దొర్లిపోతుందట. మేం వెళ్ళినప్పుడు దొర్లలేదు, మా వైపు చూసి మెల్లగా నడిచి వెళ్ళిపోయింది.

పడుకునే చోట్లని హోటళ్ళు అంటారు, నమ్మి మోసపోకండి, పొడుచుకొచ్చిన రాతి చూరు కింద ఇసక, అంతే. కొన్ని హోటళ్ళు పొడిగా ఉంటాయి, ముందొచ్చినవాళ్ళకే మంచివి. మాకు దొరికినదాంట్లో సగమే చూరు, మా టెంట్ సగం బయట. రాత్రి పదకొండింటికి వాన మొదలైంది, పదకొండుంపావుకి టెంట్ కుట్టు దగ్గర్నుంచి నా మెడ మీద. స్లీపింగ్ బ్యాగ్ జిప్పు పనిచేయదు. చలి పది డిగ్రీల లోపే ఉంటుంది, తడి బట్టలతో దాన్ని ఎలా లెక్కపెట్టాలో మీరే ఆలోచించుకోండి. గైడు లేచి వచ్చి తన టార్పాలిన్ మా మీద కప్పి తను వంట చేసే మూలలో కూర్చున్నాడు తెల్లారేదాకా. ఐదుకి ఐదు అన్నది ఊరికే కాదు.

నాలుగో రోజు, మాకు పైన ఉన్న ఒకే ఒక్క పూర్తి రోజు, ఆ రోజంతా మబ్బు. పది అడుగుల ముందు మనిషి కనపడడు. కిటికీ అని ఒక చోటుంది, అక్కడ నిలబడితే ఎదురుగా కుకెనాన్ గోడ, కింద అడవి, ఫోటోల్లో అందరూ కూర్చునే అంచు అదే. మేం ముప్పావుగంట కూర్చున్నాం, తెల్లగా ఉంది. పాలగ్లాసులోకి తొంగిచూసినట్టు. జకూజీలని చిన్న నీటి గుంటలు, అడుగున స్ఫటికాలు, వాటిలో దిగాం, చలికి దవడలు కొట్టుకున్నాయి గానీ అది బాగుంది. సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు తెరిపి ఇచ్చింది, ఆ ఇరవై నిమిషాల్లో పరుగున మావెరిక్ ఎక్కాం, అదే ఎత్తైన బండ, కింద నుంచి చూస్తే ఫోర్డ్ మావెరిక్ అనే కారు ఆకారంలో ఉంటుందని ఆ పేరు. మబ్బు పక్కకి జరిగి సబానా అంతా ఒక్కసారి కింద పరుచుకుంది, మేం రెండు రోజులు నడిచిన దారి సన్నటి దారప్పోగులా. మళ్ళీ మూసుకుపోయింది.

ట్రిపుల్ పాయింట్ సంగతి అడిగాను. గైడు నవ్వి, నేలమీద పుల్లతో గీసి చూపించాడు. మేమున్నది దక్షిణం కొస, అది ఉత్తరం వైపు, వెళ్ళి రావడానికి రోజంతా పడుతుంది, స్ఫటికాల లోయ, ఎల్ ఫోసో అనే పెద్ద నీటి గొయ్యి అన్నీ అటే. సరిగా చూడాలంటే అటువైపు ఒక రాత్రి ఉండాలి. ఆరు రోజుల్లో వచ్చినవాళ్ళని అటు తీసుకెళ్ళడం కుదరదు, వాతావరణం బాగున్నా బాగోకపోయినా. అంటే ఆఫీసాయన చెప్పింది మబ్బుకి సంబంధించిన మాటే కాదు, క్యాలెండర్‌కి సంబంధించిన అబద్ధం. ఎనిమిది రోజులదైతే పైన మూడు పూర్తి రోజులు దొరుకుతాయి, మబ్బు ఒకటి తినేసినా రెండు మిగులుతాయి. ఎక్కే కష్టం ఎన్ని రోజులకైనా అదే, విమానం ఖర్చూ అదే, కక్కుర్తి పడి రెండు రోజులు తగ్గించుకుని మేం మిగుల్చుకున్న డబ్బు సావో పాలో ఎయిర్‌పోర్టులో రెండు భోజనాలకి అయిపోయింది (కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నా, కానీ కొంచెమే).

తిండి. పొద్దున అరెపాలు, మొక్కజొన్న పిండితో మందంగా కాల్చిన రొట్టెలు, లోపల చీజ్ లేదా గుడ్డు. రాత్రి అన్నం, బీన్స్, చికెన్ లేదా పాస్తా. వెజిటేరియన్లు ముందే చెప్తే ఇబ్బంది లేదు. కసాబే అని కర్రపెండలంతో చేసిన అప్పడం లాంటి గట్టి రొట్టె ఉంటుంది, ఉట్టిదే తింటే అట్టముక్క. మేం కందిపొడి, ఆవకాయ తీసుకెళ్ళాం, మా అత్తగారి చేతి ఆవకాయ. రెండో రోజు కసాబే మీద ఆవకాయ రాసుకుని తింటుంటే ఆ యాభై దాటిన పోర్టర్ వచ్చి కొంచెం పెట్టమన్నాడు. కారం కదా అని మేం భయపడుతుంటే ఆయన తిని, తలూపి, తన సంచిలోంచి ఒక సీసా తీశాడు. కుమాచి అట, కర్రపెండలం రసం మరిగించి మిరపకాయలు వేసి, దాంట్లో చీమలో చెదపురుగులో కూడా వేస్తారు. మావాడు పందెం కాసి ఒక చెంచా తిన్నాడు. కళ్ళలోంచి, ముక్కులోంచి కారుతుంటే పోర్టర్లందరూ పడీ పడీ నవ్వారు. అప్పట్నుంచి ఆవకాయ వాళ్ళదీ, కుమాచి మాదీ.

బాత్రూం, అందరికీ కావలసిన విషయం. పైన ఏదీ వదలకూడదు. ఒక చిన్న టెంట్‌లో స్టూలు, స్టూలుకి సంచి, పని అయ్యాక సున్నం చల్లి మూట కట్టాలి. ఆ మూటలన్నీ కిందకి మోసుకెళ్ళేది కూడా ఒక పోర్టరే. మొదటిరోజు సిగ్గుతో చచ్చాం. ఆ పని చేసేవాడికి మా టీంలో అందరికన్నా ఎక్కువ టిప్ ఇచ్చాం, మీరూ ఇవ్వండి, ఆఫీసుకి కాదు, ఆయన చేతికే.

ఐదో రోజు పైనుంచి ఏకంగా టెక్ నది దాకా దింపేశారు, అది కూడా ఆరు రోజుల లెక్క పుణ్యమే. నా మోకాళ్ళు నలభై ఒక్కేళ్ళవి, దిగుడు ఎక్కుడు కన్నా ఘోరం, చివరి గంట వెనక్కి తిరిగి నడిచాను. ఆరో రోజు పరైతెపుయ్‌లో బ్యాగులన్నీ విప్పి చూశారు, పైనుంచి స్ఫటికాలు తీసుకురావడం నేరం. మా దగ్గర ఏమీ లేవు, ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ఎర్రటి నూనె చూసి మాత్రం ఆఫీసర్ మూత తీసి వాసన చూసి, ఒక్క అడుగు వెనక్కి వేసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

టెంట్ గురించి కంపెనీకి ఫోటోలతో సహా మెసేజ్ పెట్టాను. సారీ అన్నాడు, దండం పెట్టే బొమ్మ పంపాడు, డబ్బు సంగతి ఎత్తలేదు. ట్రిపుల్ పాయింట్ గురించి అడిగితే "మళ్ళీ రండి, ఎనిమిది రోజులది డిస్కౌంట్‌లో ఇస్తా" అన్నాడు.

మళ్ళీ వెళ్తాం, డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్యలోనే, అప్పుడే వాన కాస్త తక్కువ. ఈసారి గైడుకే నేరుగా మెసేజ్ పెట్టాను, అదే పోర్టర్లు, ఎనిమిది రోజులు, కుదురుతుందా అని. రెండు రోజులకి సిగ్నల్ ఉన్న ఊరికి వచ్చాక జవాబిచ్చాడు, కుదురుతుంది, ఆ ఎర్రది రెండు సీసాలు తీసుకురండి, టెంట్ మాత్రం మీదే తెచ్చుకోండి అని.